సూది పట్టే చేతికి సర్టిఫికెట్ ఎందుకు?

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, రిటైరయ్యాక మీరేం చేశారో మన పిల్లలకు ఓ పావుగంట చెప్పాలి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం ప్రాంతం. ఇంటర్మీడియట్ బైపీసీ చదివి, 1988లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా భర్తీ అయ్యాను. 28 ఏళ్ళు సర్వీసు చేసి 2016లో సుబేదార్‌గా పెన్షన్ మీద వచ్చాను. ఆ తర్వాత రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి డిప్లొమా చదివి డయాలసిస్ టెక్నీషియన్ అయ్యాను. నలభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ పుస్తకం ఎందుకు పట్టాల్సి వచ్చిందో చెప్తాను. అందులో మీకు పనికొచ్చేది ఏమైనా ఉంటే తీసుకోండి.

ముందు డయాలసిస్ అంటే ఏమిటో నాలుగు మాటలు. మనకు రెండు మూత్రపిండాలు. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో పనికొచ్చేదంతా మళ్ళీ ఒంట్లోకి పంపి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. అవి పాడైతే మలినాలూ, నీరూ, పొటాషియం లాంటి లవణాలూ ఒంట్లోనే నిలిచిపోతాయి. కాళ్ళు వాస్తాయి, అన్నం సహించదు, ఆయాసం వస్తుంది. పొటాషియం మరీ పెరిగితే గుండె ఆగిపోతుంది. అప్పుడు రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, వెంట్రుకల్లాంటి వేలాది సన్నని గొట్టాలున్న డయలైజర్ గుండా పంపి, శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తాం. అదే హీమోడయాలసిస్. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

లెక్క చూడండి. వారంలో 168 గంటలు. మంచి మూత్రపిండం 168 గంటలూ పనిచేస్తుంది. మా మెషిన్ పనిచేసేది 12 గంటలే. ఆ 12 గంటల పని సరిగ్గా జరిగితేనే మిగిలిన 156 గంటలు ఆ మనిషి నిలబడతాడు.

ఈ మెషిన్‌కీ యుద్ధానికీ పాత చుట్టరికం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, విలియం కోల్ఫ్ అనే డాక్టరు 1943లో మొదటి డయాలసిస్ మెషిన్ తయారుచేశాడు. సామాన్లు దొరకని రోజులవి. మాంసం కూరి అమ్మే సాసేజ్‌ల మీద తొడిగే సెల్లోఫేన్ గొట్టమే ఆయనకు వడపోత అయ్యింది. మొదట వైద్యం పొందినవాళ్ళలో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ళ ఒక స్త్రీ బతికి బయటపడింది. తర్వాత కొరియా యుద్ధంలో, 1952లో, అమెరికా సైన్యం తన ఫీల్డ్ ఆసుపత్రిలోనే డయాలసిస్ పెట్టింది. గాయాలతో, రక్తస్రావంతో మూత్రపిండాలు దెబ్బతిన్న జవాన్లను ఆ గుడారాల దగ్గరే కాపాడటం మొదలుపెట్టారు.

ఇక నా సంగతికి వస్తాను. సర్వీసులో చివరి ఏళ్ళు ఒక పెద్ద మిలిటరీ ఆసుపత్రిలో డయాలసిస్ వార్డులో డ్యూటీ పడింది. డాక్టర్ సాబ్, సిస్టర్లు చెప్పినట్టు చేసేవాణ్ణి. లైన్లు సెలైన్‌తో నింపడం, బీపీ చూడటం, పేషెంటు బరువు రాయడం, చివర్లో రక్తం వెనక్కి పంపి సూదులు తీసి ఒత్తిపట్టుకోవడం, అన్నీ చేతికి వచ్చాయి. రిటైరయ్యేటప్పుడు డిశ్చార్జి బుక్కులో మంచి రిమార్కు రాశారు. బయట ఉద్యోగానికి ఇది చాలదా అనుకుంటాం కదా, మనవాళ్ళందరం అలాగే అనుకుంటాం.

అదే ఏడు మా అక్క భర్తకు డయాలసిస్ మొదలైంది. మా ఉద్దానం సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడిమామిడి తోటలు. చూడ్డానికి కోనసీమలా పచ్చగా ఉంటుంది. షుగర్ లేకుండా, బీపీ లేకుండా కష్టపడి పనిచేసుకునే మనుషులకు మూత్రపిండాలు పాడవుతాయి అక్కడ. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. 2016లో అవి లేవు. మా బావను ఒక పట్టణంలో ఉన్న ప్రైవేటు కేంద్రానికి తీసుకెళ్ళాను.

అక్కడ మెషిన్ దగ్గర ఒక కుర్రాడున్నాడు. మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు. ఆరు నెలల క్రితం దాకా అదే ఆసుపత్రిలో వార్డుబాయ్‌ట. ఫిస్ట్యులా ఉన్న చేతి మీద వేళ్ళు పెట్టి చూడకుండానే సూది గుచ్చాడు. ఫిస్ట్యులా అంటే చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్ చేసి కలిపిన చోటు. పనిచేస్తున్న ఫిస్ట్యులా మీద చెయ్యి వేస్తే పిల్లి గురగురలాడినట్టు అదురు తెలుస్తుంది. ఆ అదురు ఉందా లేదా చూడకుండా సూది పెట్టకూడదు. డయాలసిస్ మొదలైన అరగంటకు మా బావకు వణుకుతో చలి వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే. "కొత్త కదండీ, అలాగే ఉంటుంది" అన్నారు.

నాకు అనుమానం వచ్చి నీటి ప్లాంటు రిజిస్టరు చూపించమన్నాను. క్లోరిన్ పరీక్ష ఫలితాలు రోజూ రాయాల్సిన పుస్తకం. అందులో ఆ వారం మొత్తం ఒకే సిరాతో, ఒకే చేత్తో, ఇంకా రాని శనివారంతో సహా నింపేసి ఉంది. నీళ్ళే కారణమని నేను రుజువు చేయలేను. కాని బావను వేరే ఊరి ఆసుపత్రికి మార్చాక ఆ చలి మళ్ళీ రాలేదు.

ఇంకో మాట. ఆ కేంద్రం యజమాని నేను మెడికల్ కోర్ మనిషినని తెలిసి నాకే ఉద్యోగం ఇస్తానన్నాడు. "మీకు అనుభవం ఉంది కదా, రేపే రండి. కాగితం సంగతి నేను చూసుకుంటాను, ఒక పాతిక వేలు పడుతుంది" అన్నాడు. పెన్షన్ మీద ఇంటికొచ్చిన వాడికి ఇంటి పక్కనే ఉద్యోగం అంటే ఆశ పుట్టకుండా ఉంటుందా? కాని ఆ శనివారం గడి నా కళ్ళ ముందే ఉంది. వద్దని చెప్పి వచ్చేశాను. విశాఖపట్నంలో గుర్తింపు ఉన్న ఒక పారామెడికల్ కాలేజీలో రెండేళ్ళ డిప్లొమాకు దరఖాస్తు పెట్టాను.

నీళ్ళ గురించి ఇంత పట్టుబట్టడం ఎందుకంటారా? మామూలు మనిషి రోజుకు రెండు మూడు లీటర్లు తాగుతాడు. అవి కడుపు గుండా వెళ్తాయి, పేగులు చాలావరకు కాపలా కాస్తాయి. డయాలసిస్‌లో నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల ద్రవం రక్తం పక్క నుంచి పారుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. మధ్యన ఉన్నది ఒక పలచని పొర, అంతే. కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి వేసే క్లోరిన్ తాగేవాడికి మేలు చేస్తుంది, కాని అదే డయాలసిస్ నీళ్ళలో మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అందుకే లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం. 1996లో బ్రెజిల్‌లోని కరువారు అనే పట్టణంలో, చెరువు నాచు విషం ఉన్న నీళ్ళను సరిగ్గా శుద్ధి చేయకుండా డయాలసిస్‌కు వాడితే 50 మందికి పైగా చనిపోయారు. వాళ్ళంతా బతకడానికి వచ్చి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు.

కాలేజీ సంగతి చెప్తే మీరు నవ్వుతారు. క్లాసులో అందరూ పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలు. మొదటి రోజు నేను లోపలికి వెళ్ళగానే లెక్చరర్ అనుకుని అందరూ లేచి నిలబడ్డారు. వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. తర్వాత అందరికీ "అంకుల్" అయిపోయాను. మాకు మైక్రోబయాలజీ చెప్పిన అమ్మాయి మా పెద్దవాడికంటే చిన్నది. ఆమెకు నేను "గుడ్ మార్నింగ్ మేడమ్" అని లేచి నిలబడితే ఆమె ఇబ్బంది పడిపోయేది. ఫౌజీ అలవాటు, పోదు కదా.

అయితే ఒక్క విషయం చెప్పి తీరాలి. సర్వీసులో నేను "ఎలా చేయాలి" నేర్చుకున్నాను. ఆ రెండేళ్ళలో "ఎందుకు అలా చేయాలి" నేర్చుకున్నాను. రెండింటికీ తేడా మామూలు రోజున కనిపించదు. ఏదైనా తేడా వచ్చిన రోజున కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ. నాలుగు గంటల్లో పేషెంటు ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి? మెషిన్‌లో ఏ అంకె వేస్తే అంత తీస్తుంది, దానికి దయా జాలీ లేవు. కాని కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు మించితే గుండెకు దెబ్బ. అంటే 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో మూడు లీటర్లకు కాస్త పైన, అంతే హద్దు. పండక్కి పిండివంటలు, పులుసులు తిని, దాహానికి నీళ్ళు తాగి ఐదు కిలోలు పెరిగి వచ్చిన వాడికి ఐదు లీటర్లూ ఒకేసారి లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు తిరిగి పడిపోతాడు. అప్పుడు డాక్టర్‌గారికి చెప్పి సమయం పెంచాలి, లేదా మర్నాడు ఇంకోసారి పిలవాలి. అంకె వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎప్పుడు ఆగాలో తెలియడం చదువు.

ఇంకొకటి. లైన్లో గాలి బుడగ వస్తే మెషిన్ అరుస్తుంది, పంపు ఆగుతుంది, క్లాంపు పడుతుంది. అలారం గోల భరించలేక బటన్ నొక్కి మళ్ళీ నడిపించేవాళ్ళను చూశాను. ఆ గాలి గుండెకు, మెదడుకు వెళ్తే మనిషి దక్కడు. వైవాలో పరీక్షాధికారి నన్ను అడిగిన ప్రశ్న ఇదే. లైను బిగించి ఉంచాలి, రక్తం వెనక్కి పంపకూడదు, పేషెంటును ఎడమ పక్కకు తిప్పి తల కిందికి ఉంచాలి, ఆక్సిజన్ పెట్టి డాక్టర్‌ను పిలవాలి. "ఎడమ పక్కకే ఎందుకు?" అని మళ్ళీ అడిగారు. గాలి గుండె కుడి గదిలోనే పైకి తేలి, ఊపిరితిత్తులకు వెళ్ళే దారికి అడ్డం పడకుండా ఉండటానికి అని చెప్పాను. వార్డులో పనిచేసిన ఏళ్ళలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు.

మన దళాల్లో ఒక పద్ధతి ఉంది. ఫైరింగ్ రేంజికి పంపి పరీక్షించకుండా ఎవరికీ రైఫిల్ ఇచ్చి పోస్టు మీద నిలబెట్టరు. డ్రైవర్‌కు టెస్టు, సిగ్నల్ ఆపరేటర్‌కు టెస్టు, నర్సింగ్ అసిస్టెంటుకు క్లాసు తర్వాత క్లాసు. ఇది మనల్ని వేధించడానికి కాదు. పక్క ట్రెంచిలో ఉన్నవాడు మన పనితనాన్ని పరీక్షించుకునే తీరిక అతనికి లేదు, మనల్ని నమ్మి నిద్రపోవాలి. డయాలసిస్ కుర్చీలో ఉన్న పేషెంటూ అంతే. ఒంట్లోంచి నిమిషానికి పావు లీటరు, ఒక్కోసారి అంతకు మించి రక్తం బయటికి వెళ్తుంటే, "బాబూ, నీకు పని వచ్చా?" అని అడిగే స్థితిలో అతను ఉండడు. అతని బదులు ఎవరో ఒకరు ముందే అడిగి, సమాధానం విని, సంతకం పెట్టాలి. సర్టిఫికెట్ అంటే అదీ. అది మన గోడ మీద తగిలించుకునే గొప్ప కాదు, పేషెంటు తరఫున తీసుకున్న పూచీ.

ఇప్పుడు చట్టం కూడా ఇదే చెప్తోంది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. అందులో డయాలసిస్ పనివాళ్ళు కూడా ఉన్నారు. ఆ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి, రిజిస్టరులో పేరు ఎక్కాలి. రాష్ట్రాల కౌన్సిళ్ళు ఒక్కోచోట ఒక్కో వేగంతో ఏర్పడుతున్నా దారి మాత్రం అటే. అమెరికాలో 2008 నిబంధనల ప్రకారం టెక్నీషియన్‌గా చేరినవాడు 18 నెలల్లోగా పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గల్ఫ్ దేశాలకు వెళ్ళాలన్నా చదివిన కాలేజీ నుంచే కాగితాలు సరిచూసుకుంటారు. పాతిక వేలకు కొన్న కాగితం అక్కడ చిరుగుతుంది.

మన జవాన్లు ఒక విషయంలో పొరబడుతుంటారు. పదో తరగతి పాసై 15 ఏళ్ళు సర్వీసు చేసినవాళ్ళకు గ్రాడ్యుయేషన్‌తో సమానమని సర్టిఫికెట్ ఇస్తారు కదా. అది గ్రూప్ సి లో మామూలు ఉద్యోగాలకు పనికొస్తుంది. సాంకేతిక విద్యార్హత అడిగే పోస్టులకు చెల్లదు. అందుకని మెడికల్ కోర్ తమ్ముళ్ళు సర్వీసు ఇంకా మూడు నాలుగేళ్ళు ఉండగానే ఆలోచించుకోవాలి. ఏయే వార్డుల్లో ఎంతకాలం చేశారో రాయించుకుని సంతకాలు తీసుకోండి. అది డిప్లొమాకు బదులు కాదు గాని, డిప్లొమా తర్వాత ఉద్యోగంలో మిమ్మల్ని నలుగురిలో ముందు నిలబెడుతుంది. నా అనుభవం అదే.

పిల్లల సంగతి. ఇంటర్ బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రాలేదని ఏడుస్తూ రెండేళ్ళు, మూడేళ్ళు కోచింగుల్లో గడిపే పిల్లలు మన క్వార్టర్లలో ఎంతమంది లేరు? ఇందులో డిప్లొమా రెండేళ్ళు. బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీ అయితే మూడేళ్ళ చదువూ, ఆ పైన ఇంటర్న్‌షిప్పూ. ఆడపిల్లలు చాలా బాగా రాణిస్తున్నారు. 2016లో కేంద్ర ప్రభుత్వం జాతీయ డయాలసిస్ కార్యక్రమం పెట్టి జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితంగా డయాలసిస్ మొదలుపెట్టాక పెద్ద నగరాలకే పరిమితమైన ఈ పని చిన్న ఊళ్ళకూ వచ్చింది.

కాలేజీలో చేర్చేముందు నాలుగు విషయాలు కనుక్కోండి. ఒకటి, రాష్ట్ర పారామెడికల్ బోర్డు గాని, ఆరోగ్య విశ్వవిద్యాలయం గాని గుర్తించిందా? కాలేజీవాళ్ళ మాట కాదు, బోర్డు జాబితాలో పేరు చూసుకోండి. రెండు, అనుబంధ ఆసుపత్రిలో మెషిన్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని నడుస్తున్నాయి? వెళ్ళి కళ్ళతో లెక్కపెట్టండి. మూడు, విద్యార్థి లాగ్ బుక్కులో ఎవరు సంతకం చేస్తారు, పేషెంటు దగ్గర నిలబెట్టి నేర్పుతారా లేక గోడవారగా నిలబెడతారా? నాలుగు, నీటి ప్లాంటు గదిలోకి విద్యార్థులను తీసుకెళ్తారా? ఈ నాలుగో ప్రశ్నకు తడబడితే అక్కడ చేరవద్దు. చేరాక ముందు చేయాల్సిన పని హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేయించుకోవడం. రోజూ రక్తంతో పని, ఇందులో మొహమాటం లేదు.

కష్టం కూడా దాచకుండా చెప్తాను. నా మొదటి జీతం నెలకు 14 వేలు. పెన్షన్ ఉంది కాబట్టి నాకు జరిగిపోయింది. చిన్నపిల్లలకు మొదటి రెండు మూడేళ్ళు ఇబ్బందే. పొద్దున్న మొదటి షిఫ్టు అంటే ఐదున్నరకల్లా ప్లాంటు దగ్గర ఉండాలి. పండగ లేదు, పబ్బం లేదు, పేషెంటు రక్తానికి ఆదివారం తెలియదు. పైగా మనసు గట్టిగా ఉండాలి. వారానికి మూడుసార్లు కనిపించి, మనవడి ఫోటోలు చూపించి, కొబ్బరినీళ్ళు తాగొచ్చా అని పదోసారి అడిగి, పొటాషియం ఎక్కువ బాబూ వద్దు అని పదోసారి చెప్పించుకున్న మనిషి ఒక సోమవారం రాడు. ఆ కుర్చీలో అరగంటలో ఇంకొకరు కూర్చుంటారు. మనం మళ్ళీ నవ్వుతూ "రండి, బరువు చూద్దాం" అనాలి. మా బావ నాలుగేళ్ళు బతికాడు, 2020లో పోయాడు. ఆ నాలుగేళ్ళలో కూతురి పెళ్ళి చేశాడు. డయాలసిస్ ఏమిస్తుందని ఎవరైనా అడిగితే నేను ఈ లెక్కే చెప్తాను.

ఇక్కడ కూర్చున్న మాజీ సైనికులకు ఇంకో మనవి. షుగరూ, బీపీ, ఏళ్ళ తరబడి మింగే నొప్పి మాత్రలూ మనలో చాలామందికి ఉన్నాయి. ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. ఒకవేళ ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద మీరో, మీ ఇంట్లోవాళ్ళో డయాలసిస్‌కు వెళ్ళాల్సివస్తే మర్యాదగానే మూడు ప్రశ్నలు అడగండి. మెషిన్ దగ్గర ఉండే టెక్నీషియన్‌కు రిజిస్ట్రేషన్ ఉందా? ఈ రోజు నీటి పరీక్ష రాశారా? హెపటైటిస్ ఉన్నవాళ్ళకు వేరే మెషిన్ ఉందా? పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు. సంతోషంగా రిజిస్టరు తెచ్చి చూపిస్తాడు.

మన సంఘం ఏటా పిల్లలకు మార్కులను బట్టి బహుమతులు ఇస్తోంది, చాలా మంచిది. దాంతోపాటు ఇలాంటి పారామెడికల్ కోర్సుల్లో చేరే జవాన్ల పిల్లలు ఇద్దరికి, ముఖ్యంగా తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకు, మొదటి ఏడాది ఫీజు సాయం పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నా వంతుగా ఒక నెల పెన్షన్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. కాలేజీ ఎంచుకోవడంలో సాయం కావాలన్నా, మెషిన్ గురించి పాఠం చెప్పాలన్నా నన్ను పిలవండి. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆదివారం వస్తాను.

 జై హింద్.